పాత కంప్యూటర్‌కి రిటైర్మెంట్ ఎప్పుడో చెప్పాల్సింది ఎవరు?

(గుంటూరులో స్కూల్ టీచర్లు, డీటీపీ చేసేవాళ్లు, స్టూడెంట్స్ కలిసిన ఒక ఆదివారం మీటింగ్‌లో జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ముందు ఒక తేదీ చెప్తాను, అక్కడ్నించి మొదలుపెడదాం. 2025 అక్టోబర్ 14. ఆ రోజు మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేశారు. 2015 జులైలో వచ్చింది, పదేళ్లు నడిచింది, ఆపేశారు. సరే, విండోస్ 11 ఉంది కదా, అది వేసుకుందాం అనుకుంటాం. అది చాలా మిషన్ల మీద ఎక్కదు. ఎందుకెక్కదు? టీపీఎం 2.0 అని ఒక సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఇంచుమించు ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, ఆ ఎనిమిదో జనరేషన్ వచ్చిందే 2017లో. అంటే 2016లో ఎవరైనా ఐ7 లాప్‌టాప్ కొన్నారనుకోండి, ఆరో జనరేషన్, ఎనిమిది జీబీ ర్యామ్, అప్పట్లో అరవై డెబ్భై వేలు పెట్టి ఉంటారు, పిల్లాడి ఇంజినీరింగ్ కోసం. దానికి విండోస్ 11 ఇవ్వరు. ఆ మిషన్‌కి ఏమైంది? ఏమీ కాలేదు అండి. స్క్రీన్ బాగుంది, కీబోర్డ్ బాగుంది, ప్రాసెసర్ అక్టోబర్ 13న ఎంత స్పీడో 15న కూడా అంతే స్పీడు. ఏమీ కాలేదు.

మరి దాన్ని ఎవరు రిటైర్ చేశారు? ఎక్కడో కూర్చున్న కంపెనీ ఒక లిస్టు రాసింది, మీ ప్రాసెసర్ పేరు ఆ లిస్టులో లేదు, అంతే. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఒక్కటే. నా కంప్యూటర్‌తో నాకు పనుందా లేదా అనేది నేను చెప్పాలి. ఆ పని అది చెయ్యగలిగినన్నాళ్లు అది నా బల్ల మీద ఉంటది. అలా ఉండాలంటే దాంట్లో ఏం మార్చాలి, ఎక్కడ మార్చకూడదు, అదంతా చెప్తాను.

ఇది చిన్న లెక్క కూడా కాదండి. కెనాలిస్ అనే మార్కెట్ రీసెర్చ్ సంస్థ 2023లోనే అంచనా వేసింది, విండోస్ 10 ఆగిపోవడం వల్ల ప్రపంచం మొత్తం మీద 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని. ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈ-వేస్ట్ రిపోర్ట్ ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో తేలిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి వచ్చింది 22.3 శాతం. మిగతాది ఎటు పోయింది? చాలావరకు లెక్కే లేదు. మన దగ్గర పాత మదర్‌బోర్డులు యాసిడ్‌లో ముంచి రాగి, బంగారం తీసేవాళ్లు ఉంటారు, చేతికి గ్లౌజులు కూడా ఉండవు వాళ్లకి. ఆ మనుషుల చేతుల్లోకి పోయేది ఇంకో ఐదేళ్లు నడిచే లాప్‌టాప్ అని తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేస్తది.

సరే, ఇప్పుడు మీరు అడుగుతారు, ఏమీ మార్చకుండా విండోస్ 10నే వాడుకుంటే ఏమవుద్ది అని. ఆన్ అవుద్ది, నడుస్తది. ఇంకో ఏడాదికి, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్స్ తీసుకునే పద్ధతి కూడా ఇచ్చారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బులు కూడా అక్కర్లేదు. చేసుకోనివాళ్లు చేసుకోండి, ఆలోచించుకోడానికి టైమ్ దొరుకుతది. కానీ ఆ తర్వాత? ప్రతి నెలా విండోస్ 11లో ఒక లోపం దొరికి దాన్ని సరి చేస్తారు, ఆ లోపం చాలాసార్లు విండోస్ 10లో కూడా ఉంటది, ఎందుకంటే రెంటిలోనూ చాలా కోడ్ ఒకటే. అక్కడ సరి చేశారంటే ఇక్కడ ఎక్కడ పొడవాలో దొంగకి చెప్పినట్టే కదా.

2017 మే నెల గుర్తుందా మీకు? వానాక్రై. ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బులు కడితే ఇస్తాం అనే వైరస్. 150 దేశాల దాకా పాకింది, ఇంగ్లండ్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో కూడా కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లకి తగిలింది, అప్పుడు పేపర్లలో వచ్చింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. వేసుకోనివాళ్లకి తగిలింది. విండోస్ ఎక్స్‌పీకి అయితే 2014లోనే సపోర్ట్ అయిపోయింది కాబట్టి మందే లేదు, గొడవ జరిగాక అప్పటికప్పుడు ఇచ్చారు. అందుకని సపోర్ట్ అయిపోయిన విండోస్‌లో నెట్ బ్యాంకింగ్ చెయ్యొద్దు, మెయిల్ తెరవొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

ఇంకో దారి కూడా ఉంది, యూట్యూబ్‌లో చూసే ఉంటారు, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఆ టీపీఎం చెకింగ్ తప్పించి పాత మిషన్ మీదే విండోస్ 11 ఎక్కించడం. ఎక్కుద్ది. కానీ రేపు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు, విండోస్ 11కి 24హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు అదే జరిగింది, కోర్ 2 డుయో లాంటి బాగా పాత ప్రాసెసర్లలో లేని ఒక ఇన్‌స్ట్రక్షన్ తప్పనిసరి చేశారు, వాటి మీద అసలు బూటే అవ్వదు. నాలుగు జీబీ ర్యామ్ మీద అది ఎలా నడుస్తదో కూడా మీకు తెలుసు. ఆ దారి నేను సలహా ఇవ్వను.

మిగిలింది లైనక్స్, విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. 1991లో ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ మొదలుపెట్టింది, ఇవాళ మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది కూడా ఆ కెర్నెలే, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం. కాబట్టి లైనక్స్ అంటే నల్ల స్క్రీన్, కమాండ్లు, మనవల్ల కాదు అనుకోకండి, మీరు రోజూ వాడుతున్నారు.

ఏ లైనక్స్ వెయ్యాలి? ఇక్కడ చాలామంది తప్పిపోతారు, నెట్‌లో చూస్తే వందల రకాలు ఉంటాయి. మిషన్‌ని చూసి నిర్ణయించాలండి. నాలుగు జీబీ ర్యామ్ ఉండి, 2010 తర్వాత కొన్నదైతే కళ్లు మూసుకుని లైనక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఎడిషన్. కింద టాస్క్‌బార్, మూల మెనూ, విండోస్ 7 వాడినవాళ్లకి పది నిమిషాల్లో చెయ్యి అలవాటవుద్ది. ఆన్ చేశాక ఖాళీగా ఉన్నప్పుడు అది తినే ర్యామ్ ఒక జీబీ లోపే ఉంటది, మిగతాదంతా మీ పనికి. మింట్ 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్స్ ఇస్తామన్నారు.

రెండు జీబీ మాత్రమే ఉంటే? అప్పుడు లుబుంటు గానీ ఎంఎక్స్ లైనక్స్ గానీ చూడండి. ఒక జీబీ, అరజీబీ ఉన్న ముసలి మిషన్లకి యాంటిక్స్ అని ఒకటుంది, గ్రీస్ నుంచి మొదలైన ప్రాజెక్టు, చూడ్డానికి సాదాగా ఉంటది కానీ చాలా తేలిక. పప్పీ లైనక్స్ అయితే మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేసి నడుస్తది, హార్డ్ డిస్క్ పోయిన మిషన్‌ని కూడా పెన్‌డ్రైవ్ మీద నడుపుకోవచ్చు. బ్రౌజర్ తప్ప ఇంకేం అక్కర్లేదు అనేవాళ్లకి గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఉంది, ఉచితమే, కానీ గూగుల్ అకౌంట్ లేకుండా దాంతో పెద్దగా పని జరగదు, పైగా ఏ మోడల్‌కి ఏ సంవత్సరం దాకా అని అక్కడ కూడా ఒక లిస్టు ఉంది. ఒక లిస్టు బాధ తప్పించుకుని ఇంకో లిస్టులోకి పోవడం నాకైతే ఇష్టం లేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. 32 బిట్, అంటే పాతతరం ప్రాసెసర్లున్న మిషన్ల టైమ్ లైనక్స్‌లో కూడా అయిపోతోంది. 2008 ప్రాంతంలో చిన్న చిన్న నెట్‌బుక్‌లు వచ్చాయి గుర్తుందా, లోపల ఆటమ్ ఎన్270 ఉండేది, అది 32 బిట్. డెబియన్ అనే లైనక్స్ ఉంది, 2025 ఆగస్టులో వచ్చిన దాని 13వ వెర్షన్ ఆ మిషన్ల కోసం ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కూడా 32 బిట్ లైనక్స్‌కి 144వ వెర్షన్‌తో ఆపేసింది, ఎక్కువకాలం సపోర్ట్ ఉండే ఈఎస్‌ఆర్ 140 వెర్షన్ మాత్రం 2026 సెప్టెంబర్ దాకా అన్నారు. అలాంటి మిషన్ మీ దగ్గర ఉంటే డెబియన్ 12 మీద కట్టిన యాంటిక్స్ 23 వెయ్యండి, నెట్ కోసం కాదు, టైపింగ్ నేర్చుకోడానికి, పాటలు వినడానికి, పిల్లలకి బొమ్మలు గీసే టక్స్ పెయింట్ లాంటివాటికి. కోర్ 2 డుయో అయితే భయం లేదు, అది 64 బిట్టే.

ఇప్పుడు హార్డ్‌వేర్. లైనక్స్ వేశాను సార్ అయినా స్లోగానే ఉంది అని వస్తారు. లోపల ఏముంది అని చూస్తే తిరిగే హార్డ్ డిస్క్, నిమిషానికి 5400 చుట్లు. ఆ డిస్క్ ఉన్నంతకాలం ఏది వేసినా నత్తనడకే. డిస్క్ తీసి సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టండి, అంటే లోపల తిరిగేదేమీ లేని డిస్క్, రెండున్నర అంగుళాల సైజు, రెండు స్క్రూలు, చాలా లాప్‌టాప్‌లలో ఇంట్లోనే మార్చుకోవచ్చు. పాత మిషన్ మీద ఒక్క రూపాయే ఖర్చు పెడతానంటే ఆ రూపాయి ఎస్‌ఎస్‌డీ మీద పెట్టమంటాను నేను. రెండో రూపాయి ర్యామ్ మీద. ర్యామ్ కొనేటప్పుడు జాగ్రత్త, డీడీఆర్3 వేరు, డీడీఆర్3ఎల్ వేరు, రెండోది తక్కువ వోల్టేజ్‌ది, మీ పాత ర్యామ్ తీసి పట్టుకెళ్లి అదే చూపించి అడగండి, సికింద్రాబాద్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లినా సరే ఇక్కడ తీసుకున్నా సరే.

తర్వాత ఇంకో చిన్న సంగతి, దీనివల్ల మంచి మిషన్లు ఎన్ని మూలకి పోయాయో. లోపల గుండ్రంగా రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటది, సీఆర్2032. అది అయిపోతే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో పాత సంవత్సరానికి పోద్ది. తేదీ తప్పుంటే ఏమవుద్ది? ఏ వెబ్‌సైట్ తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్, సేఫ్ కాదు అని ఎర్ర స్క్రీన్. జనం నెట్ పనిచెయ్యట్లేదు, మిషన్ పాడైపోయింది అనుకుంటారు. కిరాణా షాపులో కూడా దొరికే బ్యాటరీ అండి అది. అది మార్చి తేదీ సరిచేస్తే సరిపోద్ది.

యూట్యూబ్ గురించి అమ్మాయి ఎవరో ఇందాక అడిగింది, వీడియో ఆగి ఆగి వస్తోందని. దానికి కారణం ఉందమ్మా. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే రకాల్లో వీడియో పంపిస్తది, పాత గ్రాఫిక్ చిప్‌కి అవి తెలీవు, దానికి తెలిసింది హెచ్264. అప్పుడు మొత్తం బరువు ప్రాసెసర్ మీద పడుద్ది, ఫ్యాన్ గోల చేస్తది. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై అని ఎక్స్‌టెన్షన్ ఉంది, అది వేస్తే వీడియో పాత రకంలోనే వస్తది. క్వాలిటీ 480 పెట్టుకో, క్లాసులు హాయిగా చూసుకోవచ్చు.

ఇక మన తెలుగు సంగతి. డీటీపీ వాళ్లు ఇందాకట్నించీ దీనికోసమే చూస్తున్నారు, నాకు తెలుసు.

లైనక్స్‌లో తెలుగు చక్కగా ఉంటదండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ కీబోర్డు లేఅవుట్, ఇవన్నీ ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే వచ్చేస్తాయి. ఎవరి చేతికి ఏది అలవాటో అది. యాపిల్ లేఅవుట్ మీద ఇరవై ఏళ్లు కొట్టిన వేళ్లకి కొత్తగా నేర్చుకోమనే పని లేదు. ఫాంట్లు పోతన, వేమన, లోహిత్ ఉన్నాయి, రామభద్ర, మండలి, సురవరం, ధూర్జటి లాంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు కూడా ఉచితంగా ఉన్నాయి, యూనికోడ్ అంటే ఏ మిషన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతి. లిబ్రే ఆఫీస్ మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు మొత్తం డెస్క్‌టాపే తెలుగులో కనిపించేలా చెయ్యడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు, వాళ్ల శ్రమ మనం మర్చిపోకూడదు.

కష్టం ఎక్కడంటే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రామ్, దాంట్లో అను ఫాంట్లు. ఆ పేజ్‌మేకర్ 2001ది, దాని తర్వాత కొత్త వెర్షనే రాలేదు. అయినా ఇవాళ్టికీ అరండల్‌పేట, బ్రాడీపేటల్లో శుభలేఖ వెయ్యాలన్నా, కరపత్రం వెయ్యాలన్నా చాలాచోట్ల అదే. అను ఫాంట్లు యూనికోడ్ కాదు, లోపల ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి, ఆ ఫాంట్ లేకపోతే ఫైల్ తెరిస్తే పిచ్చి అక్షరాలు. ఇరవై ఏళ్ల పని, పుస్తకాలకి పుస్తకాలు అందులో ఉన్నాయి. వాళ్లకి పొద్దున్నే లేచి లైనక్స్ వెయ్యమంటే అది అన్యాయం. నేను చెప్పేదేంటంటే, ఆ ఒక్క మిషన్‌ని ఉన్న విండోస్‌తోనే ఉంచండి, దానికి నెట్ కేబుల్ పీకెయ్యండి, వైఫై ఆపెయ్యండి. దాని పక్కన ఇంకో పాత మిషన్‌లో లైనక్స్ వేసి మెయిల్, వాట్సాప్, డౌన్‌లోడ్లు అన్నీ అందులో చేసుకోండి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో అటు తీసుకెళ్లండి. పెన్‌డ్రైవ్‌లో వచ్చే వైరస్‌లు మీకు కొత్త కాదు, లైనక్స్ వైపు ఆ డ్రైవ్ తెరిచి చూస్తే విండోస్‌లో దాక్కునే ఆ వైరస్ ఫైళ్లు బయటికి కనపడతాయి, అక్కడే తీసెయ్యొచ్చు.

కానీ కొత్త పనులు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి, నా మాట వినండి. స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, పేజ్‌మేకర్‌లాంటిదే, ఒకప్పుడు అందులో తెలుగు వత్తులు విడిపోయేవి, 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్‌లో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. పాత అను ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, నూటికి నూరు రావు, ప్రూఫ్ చూసుకోవాలి, అయినా మార్చి పెట్టుకోండి. ఆ పాత మిషన్ మదర్‌బోర్డు ఏదో రోజు పోద్ది, ఆ రోజు మీ ఇరవై ఏళ్ల పని దాంతోపాటు పోకూడదు కదా.

ఇంకా ఎక్కడెక్కడ లైనక్స్ వద్దంటానో కూడా చెప్తాను. వేలిముద్ర మెషిన్ పెట్టి ఆధార్ పని చేసే సెంటర్లు, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్‌తో టెండర్లు వేసేవాళ్లు, టాలీ మీద షాపు నడిపేవాళ్లు. వీళ్లకి అవసరమైన డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ విండోస్‌ని నమ్ముకుని తయారైనవి. విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపే వైన్ లాంటివి పెట్టి నడిపిన వాళ్లున్నారు, కానీ మీ పొట్టకూడు దానిమీద ఉన్నప్పుడు ప్రయోగాలొద్దు. ఆ మిషన్ కొత్తది కొనుక్కోండి, పాతది ఇంట్లో పిల్లలకి లైనక్స్ వేసి ఇవ్వండి. ప్రింటర్ కూడా ముందే చూసుకోండి. మన జిరాక్స్ షాపులన్నిట్లో ఉండే కేనన్ ఎల్‌బీపీ 2900 ఉంది కదా, అది క్యాప్ట్ అనే సొంత భాష మాట్లాడుతది, లైనక్స్‌లో దానికి విడిగా డ్రైవర్ తెచ్చి కూర్చోబెట్టాలి, మొదటిసారి చేసేవాళ్లు తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి. హెచ్‌పీ వాటిల్లో చాలావరకు ఎత్తుకోగానే పనిచేస్తాయి, 1020 లాంటివాటికి ఒక ప్లగిన్ దించుకోవాలి, అదే అడుగుద్ది.

టీచర్లకి రెండు మాటలు. సార్, మేడమ్, మీ స్కూళ్లలో ల్యాబ్ గదికి తాళం వేసి ఉంటది చాలాచోట్ల, లోపల పది పదిహేను మిషన్లు దుమ్ము పట్టి ఉంటాయి, పని చెయ్యవు అని రిజిస్టర్‌లో రాసి ఉంటది. ఒకసారి తెరిచి చూడండి. కేరళలో గవర్నమెంట్ స్కూళ్లు ఏళ్లనుంచి లైనక్స్ మీదే నడుస్తున్నాయి, కైట్ అనే వాళ్ల సంస్థ ఉబుంటు మీద సొంతంగా ఒక సిస్టమ్ తయారు చేసి, టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చి మరీ పెట్టింది. జియోజీబ్రాలో లెక్కలు, కాల్జియంలో పీరియాడిక్ టేబుల్, స్టెల్లేరియంలో ఆకాశం, ఒక్కదానికీ లైసెన్సు కట్టక్కర్లేదు. వాళ్లు చేసినప్పుడు మనం ఎందుకు చెయ్యలేం? మన పిల్లలకి ఏం తక్కువ? హార్డ్ డిస్క్‌లు పోయిన మిషన్లు ఎక్కువుంటే ఎల్‌టీఎస్‌పీ అని ఉంది, ఒక్క మంచి మిషన్‌ని సర్వర్‌గా పెట్టి మిగతావన్నీ డిస్క్ లేకుండానే నెట్‌వర్క్ కేబుల్ మీద బూట్ చెయ్యొచ్చు. దానికి కొంచెం తెలిసిన మనిషి కావాలి, ఇక్కడ కూర్చున్న ఇంజినీరింగ్ పిల్లలూ, మీ ఊరి స్కూల్‌కి వెళ్లి ఒక ఆదివారం ఇవ్వలేరా? దసరా సెలవుల్లో ఇవ్వలేరా? నేను అడుగుతున్నాను, ఊరికే అనట్లేదు, పేర్లు రాసుకుంటాను కిందకి వచ్చాక.

సరే, టైమ్ అవుతోంది. ఇప్పుడు చేసి చూద్దాం. ముందు ఫోటోలు, డాక్యుమెంట్లు అన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి, అది అయిందని మీ కళ్లతో చూశాకే రెండో పని. ఇన్‌స్టాలర్‌లో డిస్క్ మొత్తం తుడిచెయ్యమంటారా అని అడుగుద్ది, అక్కడ నొక్కితే మళ్లీ రాదు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసేటప్పుడు, దాన్నుంచే మొదలవ్వాలంటే ఒక కీ నొక్కాలి, డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఏసూస్ అయితే ఎస్కేప్, ఏసర్ వాటిల్లో ఎఫ్12 పనిచెయ్యకపోతే బయోస్‌లోకి, అంటే మిషన్ సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్లి ముందు దాన్ని ఆన్ చెయ్యాలి. మింట్ పెన్‌డ్రైవ్ మీదనుంచే మొత్తం తెరుచుకుంటది, డిస్క్‌ని ముట్టుకోదు. అలా తెరిచి సౌండ్ వస్తోందా, కెమెరా వస్తోందా, వైఫై పట్టుకుందా, మూత వేసి తీస్తే లేస్తోందా, అన్నీ చూసుకోండి. అరగంట వాడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకి ఇంటికెళ్లిపోండి, మీ విండోస్ మీ దగ్గరే ఉంటది.

వైఫై దగ్గర ఆగిపోయేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా బ్రాడ్‌కామ్ కార్డున్న పాత లాప్‌టాప్‌లు, పాత మ్యాక్‌బుక్‌లు కూడా అంతే. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, అక్కడ ఇరుక్కుంటారు. ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, మింట్ దాన్ని కేబుల్ నెట్ లాగా వెంటనే పట్టుకుంటది, తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే వెతికి వేస్తది.

పెన్‌డ్రైవ్‌లు ఆ కిటికీ పక్కన బల్ల మీద ఉన్నాయి, ఎర్ర స్టిక్కర్ ఉన్నవి మింట్, పచ్చవి యాంటిక్స్. లాప్‌టాప్‌తో పాటు చార్జర్ తెచ్చినవాళ్లు ముందు రండి, బ్యాటరీ మీద ఇన్‌స్టాల్ మొదలుపెట్టొద్దు మధ్యలో ఆగిపోద్ది, బ్యాకప్ తీసుకోనివాళ్లు ఇవాళ్టికి పెన్‌డ్రైవ్ మీదనుంచే నడిపి చూసి వెళ్లండి, ఇన్‌స్టాల్ మాత్రం వచ్చే ఆదివారం చేద్దాం.